షేక్‌స్పియర్ నాటకాలు వేరేవాళ్లు రాశారా? ‘ఎనానిమస్’ చూశాక డౌట్, కాస్త చెప్పండి
రోలాండ్ ఎమరిక్ 2011లో తీసిన ‘ఎనానిమస్’ సినిమా చూశాను. అందులో నాటకాలన్నీ ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వీర్ రాసినట్టు, షేక్‌స్పియరేమో చదవడం తప్ప రాయడం రాని తాగుబోతు నటుడన్నట్టు చూపించారు. ఆనాటి లండన్‌ని భలే తీశారు, కానీ కథే మింగుడు పడట్లేదు. డి వీర్ 1604లోనే చనిపోయాడు కదా, మరి ఆ తర్వాతివని ఎక్కువమంది పండితులు చెప్పే ‘మాక్‌బెత్’, ‘టెంపెస్ట్’ సంగతేంటి? పైగా 1623 ఫోలియోలో (అంటే షేక్‌స్పియర్ నాటకాల సంపుటిలో) బెన్ జాన్సన్, అంటే షేక్‌స్పియర్‌ని స్వయంగా ఎరిగిన తోటి రచయిత, పేరు పెట్టి మరీ పొగుడుతూ పద్యం రాశాడు. చేతి తొడుగులు కుట్టేవాడి కొడుకు, యూనివర్సిటీ మెట్లెక్కనివాడు ఇంత గొప్పగా రాయలేడనడం నాకైతే చాలా అన్యాయంగా అనిపిస్తోంది. డి వీర్ వాదాన్ని నమ్మేవాళ్లు ఈ 1604 చిక్కుకి ఏం జవాబిస్తారు? ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాళ్లెవరైనా కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.