వెదురు విల్లు: ఈకల్లేని బాణం ఎడమకే పోతోంది. ములికి (బాణం మొన) మార్చాలా, పుల్ల (బాణం కాడ) గీకాలా?

ఉండేది విజయవాడ. గురి ఫోమ్ జింక బొమ్మ, 15 నుంచి 20 మీటర్ల దూరం. (నిజం జింకను కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఆ సలహాలు వద్దు.)

విల్లు 66 అంగుళాలు. 28 అంగుళాలు లాగితే 40 పౌండ్లు. చెక్క బాణాలు 29 అంగుళాలు, ములికి 100 గ్రెయిన్లు (సుమారు 6.5 గ్రాములు). లాగేది కుడిచేత్తో.

ఈకలున్న బాణం బొమ్మ ముందుకాలి వెనక సరిగ్గానే దిగుతోంది, కాకపోతే తోకాడించుకుంటూ పోతోంది. పరీక్షకని ఈకలు పీకేసిన బాణం అదే గురికి జానెడు ఎడమన పడి, తోక కుడికి వాలి గుచ్చుకుంటోంది. అంటే పుల్ల బిరుసన్నమాట, వంగాల్సినంత వంగట్లేదు. నారికి ఇంకో ఆరు మెలికలు వేసి, పిడికీ నారికీ మధ్య దూరం ఆరున్నర నుంచి ఏడు అంగుళాలకు పెంచాను. చప్పుడు తగ్గింది, ఎడమ మాత్రం తప్పలేదు.

125 గ్రెయిన్ల ములికి పెడితే పుల్ల ఎక్కువ వంగుతుంది, కానీ 20 మీటర్లకు బాణం దిగజారుతుందని అనుమానం. గాజుపెంకుతో గీకితే పోయిన బిరుసు తిరిగిరాదు, పైగా డజను పుల్లలూ ఒకేలా రావాలి కదా!

ఇంకోటి. లగేజీ కొక్కెం తూకానికి తగిలించి 28 అంగుళాలు లాగితే పొద్దున 40 చూపిస్తోంది, ఎండలో గంటసేపు బాణాలు వేశాక 38. విల్లు మెత్తబడటం వల్లే పుల్ల బిరుసుగా తేలుతోందా? అలాగైతే ముందు సరిచూడాల్సింది విల్లునా, బాణాన్నా?