ఆషాఢ గాలికి మేడ మీద మూలుగు: మీ ఇళ్లలో కూడా ఉందా?

పిట్టగోడ (అనంతపురం): ఆషాఢం వస్తే మా ఊళ్లో గాలి సంగతి తెలిసిందే కదా. వారం నుంచి రాత్రి పదకొండు దాటితే మేడ మీద ఎవరో ‘హూ’ అని మూలుగుతున్నట్టు ఒకటే శబ్దం. అత్తగారు నిమ్మకాయ కట్టమంటున్నారు. బట్టల తీగ కోసం పిట్టగోడలో పాతిన ఇనుప గొట్టం అదురుతోందేమోనని నా అనుమానం. మీటరు ఎత్తుంటుంది.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు): గొట్టానికి పైమూత ఉందా, ఊడిపోయిందా? మా ఇంట్లో గేటు గొట్టం ఇలాగే కూసేది. ఖాళీ సోడా సీసా మూతి మీద అడ్డంగా ఊదినట్టే.

పిట్టగోడ: మూత లేదండి. అదురు తగ్గుతుందని నిన్న సగం దాకా ఇసుక పోశాను. మూలుగు పోయి, ఇంకా సన్నగా ఈల మొదలైంది!

మురళి పిచ్చి (కడప): నవ్వినందుకు క్షమించండి, మీరు గొట్టాన్ని శ్రుతి పెంచారు! అదిరేది ఇనుము కాదు, లోపలి గాలి. మూతి అంచుకు తగిలిన గాలి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊగుతుంది. ఆ ఊపు ఎంత వేగంగా ఉండాలో గొట్టం పొడవు నిర్ణయిస్తుంది. అడుగు మూసిన మీటరు గొట్టంలో సెకనుకు సుమారు 85 కంపనాలు. సగం ఇసుకతో నింపితే 170. అంటే షడ్జం (సరిగమల్లో ‘స’) నుంచి సరిగ్గా పై షడ్జానికి! వేణువు మీద మేం వేళ్లు ఎత్తేదీ ఇందుకే, గాలి స్తంభం పొట్టిదవుతుంది. వెదురు మంచిదా కాదా అన్నది ఆ తర్వాతి మాట.

తుంగభద్ర ఒడ్డు: మరి సన్నాయి?

మురళి పిచ్చి: దాని దారి వేరు. అక్కడ ముందు అదిరేది నోట్లో పెట్టుకునే పీక. చిన్నప్పుడు ఊదిన కొబ్బరాకు బూర కూడా సన్నాయి జాతే, ఈల జాతి కాదు.

ఆటస్థలం (కడప): డ్రిల్లు మాస్టారి ఈలలోని గోళీయే శబ్దం చేస్తుందనుకుని ఒకసారి పిన్నుతో పొడిచి తీసేశాను. ఈల మోగింది, ‘గిర్రు’మనడం మాత్రం పోయింది. గోళీ శబ్దాన్ని తునకలు చేస్తుందంతే. దెబ్బలు అదనం.

పిట్టగోడ: మూత దొరక్క, అత్తగారు తెచ్చిన నిమ్మకాయనే గొట్టం మూతిలో బిగించాను. రాత్రంతా చప్పుడు లేదు. నిమ్మకాయ మహిమ అని ఆవిడ వీధంతా చెబుతున్నారు. 85, 170 అని మొదలుపెట్టాను గానీ వినేవాళ్లు లేరు.