బంగారం అరిగిన నిప్పాన్ కూజా: పూత వేయించి అమ్మవచ్చా?

డాలస్ వాసి:
ఇక్కడ ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మేచోట) 45 డాలర్లకు జపాన్ పింగాణీ పూలకూజా తీసుకున్నాను. అడుగున ఆకుపచ్చ రంగులో ఆకుల దండ, మధ్యలో ‘ఎం’ అక్షరం, చుట్టూ ‘హ్యాండ్ పెయింటెడ్ నిప్పాన్’ అని ఉంది. గులాబీలు చెక్కుచెదరలేదు. మూతి అంచునా పిడుల మీదా మాత్రం బంగారం పోయి తెల్లదనం బయటపడింది. ఒకాయన కొత్తగా పూత వేస్తానంటున్నారు. వేయించి, ఆ సంగతి చెప్పే అమ్ముతాను. తప్పుందా?

పాతసామాను:
వద్దండీ. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. 1891 నుంచి జపాన్‌వాళ్ళు తమ భాషలో దేశం పేరైన ‘నిప్పాన్’ అని వేస్తూ వచ్చారు. 1921లో అమెరికా కస్టమ్స్ అది కుదరదు, ‘జపాన్’ అనే రాయాలంది. ఆ ‘ఎం’ మోరిమురా సోదరులనే జపాన్ వ్యాపారులది. 1904లో వాళ్ళు పెట్టిన ఫ్యాక్టరీయే ఇప్పటి నోరిటాకే పింగాణీ కంపెనీ. ముద్ర అసలుదైతే మీ కూజాకు వందేళ్ళు దాటాయి.

‘అసలుదైతే’ అన్నది ఊరికే కాదు. నకిలీలు బోలెడు. మొదట్లో వచ్చినవాటిలో దండ మధ్య ‘ఎం’ బదులు ఇసుక గడియారం లాంటి గుర్తుండేది, తర్వాత దాన్నీ దిద్దుకున్నారు. అందుకే మేం ముద్ర చూసి ఊరుకోం. పిడిమీద వేళ్ళు ఆనే చోట బంగారం పలచబడి, లోపలి మలుపులో మెరుపు మిగిలిందా అని చూస్తాం. మీరు చెరిపేద్దామనుకుంటున్నది ఆ సాక్ష్యాన్నే.

దుకాణదారు:
సేకరించేవాళ్ళ లెక్క అది. నా దగ్గరికొచ్చేవాళ్ళలో ఎక్కువమంది హాల్లో పెట్టుకోవడానికి కొంటారు. అంచు వెలిసిన కూజా నెలలకొద్దీ అల్మారాలోనే ఉండిపోతుంది. పగిలిన గిన్నెను లక్క, బంగారంతో అతికి కింట్సుగి అని గౌరవించేది ఆ జపాన్‌వాళ్ళే కదా! చెప్పి అమ్మితే మోసమెక్కడిది?

పాతసామాను:
కింట్సుగిలో పగులు ఎక్కడుందో అందరికీ కనబడుతుంది. ఇక్కడ అరుగుదలను దాస్తున్నారు. పైగా ఆనాటి బంగారం కొలిమిలో కాల్చి పట్టించినది. ఇప్పుడు మళ్ళీ కాలిస్తే పాత పింగాణీ బీటలిచ్చే ప్రమాదముంది, అందుకని చల్లగానే రంగు పూస్తారు. అది నాలుగుసార్లు కడిగితే వెలుస్తుంది. గీకి తీయబోతే మిగిలిన పాత బంగారమూ దాంతోనే పోతుంది.

‘చెప్పి అమ్ముతాను’ అన్నారు, మీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. కానీ మీ దగ్గర కొన్నాయన రేపు అమ్మేటప్పుడు చెబుతాడా? కూజా చేతులు మారుతుంది, మీ మాట దాని వెంట వెళ్ళదు.

డాలస్ వాసి:
ఇది నాకు తట్టలేదు. పూత మానేస్తాను. ధర ఎలా కట్టాలి?

పాతసామాను:
ఈబేలో అడుగుతున్న ధరలు వదిలేయండి, అమ్ముడైపోయినవాటి ధరలే చూడండి. ఆకుపచ్చ ముద్ర మేలు రకమంటారు, నేనైతే చిత్రాన్నే నమ్ముతాను. భూతద్దంలో పూరేకు మీద కుంచె గీత కనిపిస్తే చేతిపని, సన్నని చుక్కలుగా విడిపోతే ప్రింటు. గోటితో మీటండి, ఖంగున మోగకపోతే వెంట్రుకవాసి పగులు వెతకండి. అరిగిన అంచు ఫొటో మొదటే పెట్టండి.

దుకాణదారు:
ఈ కూజాకైతే నేనూ పూత వద్దంటాను. ‘ఆక్యుపైడ్ జపాన్’ (యుద్ధం తర్వాత అమెరికా ఆధీనంలో ఉన్న జపాన్) అని ఉన్న 1952కు ముందరి మామూలు బొమ్మల విషయంలో మాత్రం నా మాట మారదు.