లేజర్ తరువాత దవడ అంచున కొత్త నూగు: కొనసాగించాలా, పద్ధతి మార్చాలా?

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి, నా వయసు 27. నాలుగేళ్లుగా గడ్డం కింద ముదురు వెంట్రుకలు పెరుగుతున్నాయి, నెలసరి 45 నుంచి 60 రోజులకోసారి వచ్చేది. పరీక్షల్లో థైరాయిడ్, ప్రొలాక్టిన్ మామూలుగానే ఉండి, టెస్టోస్టిరాన్ మాత్రం కొద్దిగా ఎక్కువ కనిపించడంతో, బరంపురంలో డాక్టరు పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అని నిర్ధారించి గర్భనిరోధక మాత్రలు రాశారు. నాలుగు నెలలుగా వాడుతున్నాను. నెలసరి దారిలో పడింది. వెంట్రుకల మీద మందుల ప్రభావం తెలియడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది కనుక ఆ విషయంలో ఓపిక పడుతున్నాను.

నన్ను కలవరపెడుతున్నది లేజర్. విశాఖలోని ఒక క్లినిక్‌లో ఆరు వారాలకోసారి ఐదు విడతల డయోడ్ లేజర్ చేయించుకున్నాను. వేరు ఉంటేనే లేజర్ పనిచేస్తుంది కనుక థ్రెడింగ్ పూర్తిగా మానేసి షేవింగే చేశాను. గడ్డం మీద వెంట్రుకలు పలచబడ్డాయి గానీ, మునుపు నున్నగా ఉన్న దవడ అంచున, చెవి కింది వరకు, మూడో విడత తరువాత నూగు మొలిచి నల్లబడింది. పొద్దుటి వెలుతురులో కిటికీ దగ్గర అద్దం పట్టుకుంటే ఒక్కొక్కటి బియ్యపు గింజంత పొడవున కనిపిస్తోంది. హార్మోన్ల తేడా ఉన్న చామనచాయ స్త్రీలకు ముఖం మీద లేజర్ ఒక్కోసారి ఇలా ఎదురు తిరుగుతుందని చదివాను. క్లినిక్ వారు శక్తి పెంచి మరో మూడు విడతలు చేద్దామంటున్నారు.

ఇలాంటి నూగు వచ్చినవారు దయచేసి చెప్పండి: శక్తి పెంచి లేజర్ కొనసాగిస్తే అది తగ్గిందా, లేక లేజర్ ఆపి ఎలక్ట్రాలసిస్‌కు (సన్నని సూదితో ఒక్కో వెంట్రుక వేరును కరెంటుతో నాశనం చేసే పద్ధతికి) మారాకే తగ్గిందా?