కుళ్ళిన ఎరువా, చివికిన ఎరువా?

నిన్న ఒకరు ఇక్కడ కంపోస్ట్ గురించి రాస్తూ "ఆకులు బాగా కుళ్ళాక మొక్కలకి వెయ్యండి" అన్నారు, కింద ఇంకొకరు "మాగాక" అనాలన్నారు, రెండూ ఒకటేగా అని చాలామంది వదిలేశారు. ఒకటి కాదండీ. మిద్దెతోటలో డబ్బా పెట్టుకుని ఎండుటాకులు, గడ్డి, కత్తిరించిన మందార కొమ్మలు వేసేవాళ్ళకి ఈ తేడా ముక్కుకే తెలిసిపోతుంది.

కోసి పడేసిన ఆకు ముందు వాడుతుంది. పచ్చిదీ ఎండుదీ కలిసి తడి సరిపోతే కొద్దిరోజుల్లోనే కుప్ప ఉడకడం మొదలుపెడుతుంది, బాక్టీరియా ఆకులోని చక్కెరల్నీ పిండిపదార్థాన్నీ తినేస్తుంటే పుట్టే వేడి అది, కుప్ప పెద్దదైతే 55 నుంచి 65 డిగ్రీల దాకా పోతుంది, చెయ్యి పెట్టలేం, కలుపు విత్తనాలు కూడా చాలావరకు చచ్చిపోతాయి.

ఆ వేడి దిగాక మాగడం. మామిడికాయల్ని గడ్డిలో పెట్టి మాగేస్తాం చూడండి, అదే మాట, కప్పెట్టి ఊరుకుంటే లోపల్లోపలే మారడం. గట్టి పీచునీ కాడలకి బిరుసునిచ్చే లిగ్నిన్‌నీ విడగొట్టే బూజులు, యాక్టినోమైసీట్స్ అనే దారాల్లాంటి బాక్టీరియా ఇప్పుడు పనిలోకి దిగుతాయి, లోపల తెల్లటి పొర కనపడితే కంగారు పడక్కర్లేదు. మంచి మట్టివాసన వచ్చేదీ ఇప్పుడే, ఆ సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వల్ల, తొలకరి జల్లుకి లేచే వాసనలోనూ అదే ఉంటుంది.

ఆఖరికి చివకడం. బట్ట చివికితే పట్టుకోగానే విడిపోతుంది కదా, అలాగే ఆకు ఈనె కూడా వేళ్ళ మధ్య పొడైపోతుంది, ఏది మందారమో ఏది గడ్డో పోల్చుకోలేం, కుప్ప సగానికో ఇంకా కిందకో దిగిపోతుంది, తిరగేసినా మళ్ళీ వేడెక్కదు. "బాగా చివికిన పశువుల ఎరువు" అని వ్యవసాయం పేజీల్లో ఎప్పుడూ రాసేది ఊరికే కాదు, సగం అయినదాన్ని వేస్తే మిగతా పని పూర్తిచెయ్యడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్క ఆకులు పసుపెక్కుతాయి.

మరి కుళ్ళడమంటే గాలి ఆడక, తడి ఎక్కువై, కోడిగుడ్డు కంపు కొట్టడం. కింద నీళ్ళు నిలిచి నల్లగా ఊరితే మురగడం. ఎండుటాకులు కలిపి తిరగేస్తే మళ్ళీ దారిలో పడుతుంది, అంటే కుళ్ళడం ఈ వరసలో ఒక మెట్టు కాదు, వరస తప్పడం. ఇంత విడివిడిగా మాటలున్న భాషలో అన్నిటికీ "కుళ్ళిన" ఒక్కటే వాడేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

—

బాగుందండీ, కానీ గొయ్యి తీసి పైన మట్టి మెత్తేసే పద్ధతి ఉంది కదా, అక్కడ గాలే ఉండదు, దాన్ని కుళ్ళడం అనకూడదా?

—

మంచి ప్రశ్న అడిగారు. అది బెంగళూరు పద్ధతి, 1939లో సి.ఎన్. ఆచార్య అనే శాస్త్రవేత్త రూపొందించింది. అంతకుముందు ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో పెట్టిన పద్ధతిలో కుప్పని మధ్యమధ్య తిరగేస్తారు, త్వరగా చివుకుతుంది. బెంగళూరు గొయ్యిలో మొదట కొన్నాళ్ళు వేడెక్కుతుంది, తర్వాత గాలి తగ్గి నెలల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. శాస్త్రం ప్రకారం అందులో కుళ్ళడం ఉందనే అనాలి, మీ మాట కాదనను. కానీ గొయ్యి తవ్వి తీసేసరికి కంపు ఉండదు, ఎరువు నల్లగా పొడిపొడిగా వస్తుంది, అందుకే అక్కడ కూడా "గుంటలో మాగేసిన ఎరువు" అనడమే నాకు సరిగ్గా అనిపిస్తుంది.

—

మాది శ్రీకాకుళం వైపండీ, మేం ఎరువుని గెత్తం అంటాం, తెలంగాణ వాళ్ళు పెంట అంటారు, చేలకి పెంట తోలడం అని. చివికిన గెత్తం అనడం మాకూ ఉంది, కుళ్ళిన గెత్తం అని నేనెప్పుడూ వినలేదు. రాయలసీమవాళ్ళు ఎవరైనా ఉంటే మీ మాట కూడా రాయండి.