నాలుగు మోటార్లకు అదే కోడ్ మళ్లీ మళ్లీ రాయకుండా ఎట్లా? (ఊనో, రెండు ఎల్298ఎన్ బోర్డులు)

శెనక్కాయ_బండి (అనంతపురం)
డిప్లొమా ప్రాజెక్టుకు శెనక్కాయ విత్తనం వేసే చిన్న బండి చేస్తాండాం. ఆర్డునో ఊనో, రెండు ఎల్298ఎన్‌లు (మోటార్లు నడిపే డ్రైవర్ బోర్డులు), నాలుగు గేర్ మోటార్లు, విత్తనం గేటుకు ఒక సర్వో (చెప్పిన కోణానికి తిరిగే మోటారు). ముందుకు, వెనక్కు, ఎడమ, కుడి, ఆగు అని ఐదు ఫంక్షన్లు. ఒక్కోదాంట్లో ఎనిమిది డిజిటల్‌రైట్‌లు (పిన్నును హై, లో చేసేవి), నాలుగు అనలాగ్‌రైట్‌లు (స్పీడు ఇచ్చేవి), మొత్తం 60 లైన్లు. ముందు కుడి మోటారు వైర్లు తిరగబడి ఉన్నాయని దానికి మాత్రం హై, లో మార్చి రాసినాం. ఇప్పుడు ఎడమకు తిప్పితే ఆ చక్రం ఒక్కటే వెనక్కు పోతాంది. సర్వో కలిపినాక రెండు చక్రాల స్పీడు కూడా మాట వినడం లేదు. దీన్ని కుదించే దారి చెప్పండన్నా.

రేగడి_బోర్డు (కర్నూలు)
ఎడమ ఫంక్షన్‌లో ఆ హై, లో మార్చడం మర్చిపోయుంటారు, చూడండి. 60 చోట్ల చేత్తో మారిస్తే ఎక్కడో ఒకచోట తప్పుతుంది. స్పీడు సంగతి వేరే: ఎనేబుల్ (మోటారు స్పీడు చెప్పే) వైర్లు 9, 10కి ఇచ్చినట్టున్నారు. సర్వో లైబ్రరీ వాడితే ఊనోలో ఆ రెండు పిన్నుల మీద పీడబ్ల్యూఎం (పిన్నును వేగంగా ఆన్, ఆఫ్ చేసి స్పీడు తగ్గించే పద్ధతి) పనిచేయదు.

మోటార్ల వివరాలన్నీ ఒక స్ట్రక్ట్ అర్రేలో (ఒక్కో మోటారుకు ఒక్కో వరస ఉండే పట్టికలో) పెట్టండి. వరస: ఎనేబుల్, ఇన్1, ఇన్2 (ఈ రెండూ దిశ చెప్పే పిన్నులు), తిరగబడిందా (అవునంటే 1).

ముందు ఎడమ: 5, 2, 4, 0
వెనక ఎడమ: 3, 7, 8, 0
ముందు కుడి: 6, 12, ఏ0, 1
వెనక కుడి: 11, ఏ1, ఏ2, 0

ఊనోలో 5, 6 పిన్నుల పీడబ్ల్యూఎం సుమారు 980 హెర్ట్జ్, 3, 11లది 490. అందుకే ప్రతి వైపుకూ రెండు రకాలూ ఒక్కొక్కటి వచ్చేలా పంచినాను. 5, 6 రెండూ ఒకే వైపు పెడితే తక్కువ స్పీడులో బండి పక్కకు లాగుతుంది.

ఇక ఫంక్షన్ ఒకటే: మోటారు నంబరు, స్పీడు (-255 నుంచి 255) తీసుకుంటుంది. నాలుగో అంకె 1 అయితే స్పీడు గుర్తు మార్చు. స్పీడు సున్నా కన్నా ఎక్కువైతే ఇన్1 హై, తక్కువైతే ఇన్2 హై, మిగతాది లో. గుర్తు తీసేసిన విలువ ఎనేబుల్‌కు. దాని మీద ఎడమ స్పీడు, కుడి స్పీడు తీసుకునే ఇంకో చిన్న ఫంక్షన్. ముందుకు అంటే 180, 180. ఉన్నచోటే ఎడమకు తిరగాలంటే -150, 150. ఆగాలంటే 0, 0.

స్పీడును బైట్‌గా (0 నుంచి 255 దాకానే పట్టేది) పెట్టొద్దు, ఇంట్‌గా పెట్టండి. బైట్‌లో -150 వేస్తే 106 అయిపోతుంది, వెనక్కు పోవాల్సిన చక్రం ముందుకే పోతుంది. మోటార్లను 0 నుంచి లెక్కించే లూప్‌లో షరతు 4 కన్నా తక్కువ అని ఉండాలి. 4తో సమానం కూడా పెడితే అర్రే దాటి మెమరీలో ఏముంటే దాన్నే పిన్ నంబరు అనుకుంటుంది, కంపైలర్ నోరెత్తకపోవచ్చు.

టంకం_తీగ (కడప)
ఎల్293డీ షీల్డు (ఊనో మీద కూర్చునే ఇంకో మోటారు డ్రైవర్ బోర్డు), దాని లైబ్రరీ వాడితే ఈ తంటా అంతా ఉండదు కదా?

రేగడి_బోర్డు (కర్నూలు)
టేబుల్ మీద తిరిగే బొమ్మ కారుకైతే సరే. ఎల్293డీ ఒక్కో ఛానెల్‌కు 600 మిల్లీయాంప్‌లే. ఎర్రనేలలో గులకరాయికి చక్రం తగిలి ఆగిపోయిందంటే కరెంటు దాన్ని దాటేస్తుంది, చిప్ కాలిపోవచ్చు.

టంకం_తీగ (కడప)
అయితే ఇదీ చేర్చుకోండి. 180 నుంచి ఒక్కసారిగా -180కి తిప్పితే కరెంటు ఎగిసి బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది, ఊనో రీసెట్ అవుతుంది. ఫంక్షన్ ఒకటే కాబట్టి అక్కడే ర్యాంప్ (స్పీడును మెల్లగా మార్చడం) పెట్టొచ్చు: 10 మిల్లీసెకన్లకు ఒకసారి 10 చొప్పున కావాల్సిన స్పీడు వైపు జరపండి. పూర్తిగా దిశ మారడానికి 360 మిల్లీసెకన్లు. డిలే (కోడ్‌ను ఆపి ఉంచేది) వద్దు, మిల్లిస్ (బోర్డు ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు) వాడండి. ఆ టైమును అన్‌సైన్డ్ లాంగ్‌లోనే దాచాలి, ఇంట్‌లో దాస్తే 32 సెకన్లు దాటగానే లెక్క చెడుతుంది. ఎల్298ఎన్ బోర్డు మీద ఎనేబుల్ జంపర్లు (ఆ పిన్నులకు తొడిగిన చిన్న క్యాప్‌లు) తీసినారా? ఉంటే అనలాగ్‌రైట్ ఎంత ఇచ్చినా ఫుల్ స్పీడే.

శెనక్కాయ_బండి (అనంతపురం)
జంపర్లు తీసేసినాం అన్నా. ఏ మోటారుకు 1 పెట్టాలో ఎట్లా తెలుస్తాది?

రేగడి_బోర్డు (కర్నూలు)
బండి కింద ఇటుక పెట్టి చక్రాలు నేలకు తగలకుండా లేపండి. నాలుగో అంకె అన్నింటికీ 0 పెట్టి, 0 నుంచి 3 దాకా ఒక్కో మోటారును 150తో ఒక్కో సెకను తిప్పండి. వెనక్కు తిరిగినదానికి 1 పెట్టండి. వేరే చక్రం తిరిగితే వరసలో పిన్నులు మారినట్టు. స్క్రూలు విప్పి వైర్లు మార్చే పని పెట్టుకోవద్దు.