తొలినాటి మోనోప్లేన్లు తక్కువసేపు ఎగిరింది ట్యాంకు చిన్నదనా?

బెజవాడ మాస్టారు:
మా బడి సైన్స్ ఫెయిర్‌కి పిల్లలు బ్లేరియో 11 అనే మోనోప్లేన్ (ఒకే జత రెక్కల విమానం) నమూనా చేస్తున్నారు. 1909 జులై 25న ఇంగ్లిష్ ఛానల్ దాటడానికి దాన్ని తయారుచేసి నడిపిన ఫ్రెంచ్ పైలట్ బ్లేరియోకి పట్టింది 37 నిమిషాలు. పెద్ద ట్యాంకు పెట్టుకుంటే ఇంకా చాలాసేపు ఎగిరేవాడు కదా అంటోంది ఒక పాప. ఏం చెప్పను?

ఆటోనగర్ బోరింగ్:
మాస్టారూ, అడ్డం ట్యాంకు కాదండి, ఇంజను. ఆంజాని కంపెనీది, మూడు సిలిండర్లు, 25 హార్స్‌పవర్. నీళ్ల జాకెట్ లేదు, గాలికే చల్లబడాలి. పొగ పోవడానికి సిలిండర్ అడుగున కూడా బెజ్జాలు పెట్టారు. వాటిలోంచి వేడి ఆయిల్ పైలట్ మీదికే చిమ్మేది! ఇంజను చుట్టూ చల్లబరిచే రేకుల (ఫిన్నుల) మధ్య మట్టి పేరుకున్న బండి మే నెలలో వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎలా ఉంటుందో దాని పరిస్థితి అంతే, పవర్ పడిపోతుంది. బ్లేరియోకంటే ఆరు రోజుల ముందు లాథమ్ అనే ఇంకో పైలట్ అదే ఛానల్ దాటాలని ఆంటోనెట్ మోనోప్లేన్‌లో బయల్దేరి, ఇంజను ఆగిపోయి సముద్రంలో దిగాడు. అదే మనిషి జూన్‌లో గంటకు పైగా గాల్లో ఉన్నాడు. పెట్రోలుకి కరువేం లేదన్నమాట.

తర్వాత నోమ్ కంపెనీ రోటరీ ఇంజన్లు వచ్చాయి. ప్రొపెల్లర్‌తో పాటు ఇంజను మొత్తం గిర్రున తిరుగుతుంది, బాగానే చల్లబడుతుంది. కానీ దానికి పోసేది ఆముదం! పెట్రోల్లో కరగదని. లోపలికి వెళ్లిన ఆముదం మళ్లీ ట్యాంకులోకి రాదు, పొగతో పాటు బయటికే. అందుకని దానికీ వేరే ట్యాంకు మోయాలి.

గుంటూరు ఏరోమోడలర్:
ట్యాంకు లెక్క కావాలంటే ఫ్రెంచ్ పైలట్ రోలాన్ గారోని చూపించండి. 1913 సెప్టెంబర్ 23న మొరాన్-సోల్నియే మోనోప్లేన్‌లో 200 లీటర్ల పెట్రోలు పోసుకుని, ఫ్రాన్స్‌లోని ఫ్రెజూస్ నుంచి ట్యునీషియాలోని బిజెర్తాకి మధ్యధరా దాటాడు. 7 గంటల 53 నిమిషాలు. దిగేసరికి మిగిలింది 5 లీటర్లు! గంటకి సుమారు 25 లీటర్లు పడింది. అంటే ఇంకో గంట కావాలంటే మరో 18 కిలోలు పైకెత్తాలి. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్‌ది ఈ లెక్కే, ఇంకా ఘోరం: బయల్దేరినప్పుడు విమానం బరువులో సగానికి పైగా పెట్రోలే. పెద్ద ట్యాంకు ముందుండటంతో ఎదుటికి చూసే అద్దం కూడా లేదు.

బెజవాడ మాస్టారు:
భలే. నమూనా పక్కన ఆముదం సీసా, 25 లీటర్ల పెట్రోలు క్యాను పెట్టిస్తాను.

ఆటోనగర్ బోరింగ్:
క్యాను ఖాళీది పెట్టండి మాస్టారూ. అదీ ఎప్పుడూ పెట్రోలు పోయనిది.